కమాను పట్టీ మీద అతుకు

మెకానిక్ బుద్ధిమాన్ రాయ్ నాలుగేళ్లుగా ఆ బండి జోలికి పోలేదు. ఫూల్‌మాయ ఇంటి పక్కన రాళ్ల గోడకు ఆనించిన ఆ పాత ల్యాండ్‌రోవర్ నుంచి ధూపీడాండా బజారులోని ప్రతి డ్రైవరూ ఏదో ఒకటి ఊడదీసుకుపోయాడు. ఒకడు గేరు పెట్టె, ఒకడు తలుపు, ఒకడు అద్దం. వెనక చక్రాల మీద బరువు మోసే ఉక్కు పట్టీల కమాన్లు మాత్రం ఎవరికీ అక్కర పడలేదు. పడకూడదని బుద్ధిమాన్ మొక్కని దేవుడు లేడు.

ఇప్పుడు తన బండికే వెనక కుడి కమాను విరిగింది. దసరా ముందు, కొండ మీదికి జనం ఎగబడే రోజులు. కింద సిలిగుడి పట్నమంతా తిరిగినా అంత పాత కమాను దొరకలేదు. ఇక ఈ బండిదే దిక్కు. పనిలో పనిగా ఎడమది కూడా తీసి లోయలో పారేస్తే పీడ వదులుతుందనుకుని పొద్దున్నే జాకీ మోసుకుంటూ వచ్చాడు.

ఎడమ కమానులో ఏముందో అతనొక్కడికే తెలుసు. నాలుగేళ్ల కింద ఫూల్‌మాయ మొగుడు నోర్బు, ఆ కమానులో పెద్ద పట్టీ పగిలిందని, కొత్తది వచ్చేదాకా బండి ఆపేస్తానని వచ్చాడు. "సీజన్లో బండి ఆపుతావా, పిచ్చోడా!" అని నవ్వి బుద్ధిమానే వెల్డింగ్ పెట్టాడు. కమాను ఉక్కుకు వెల్డింగ్ నిలవదని పానా పట్టిన ప్రతివాడికీ తెలుసు. అతనికీ తెలుసు. అయినా "పోరా, ఏం కాదు" అని వీపు తట్టి పంపాడు.

మూడో రోజు ఖాళీగా తిరిగొస్తూ బండి లోయలో పడింది. నోర్బు చనిపోయాడు, బండిని తాళ్లతో పైకి లాగి ఇంటి పక్కకు చేర్చారు. అంతకు ముందు నోర్బు పెళ్లివారింట్లో ఒక గ్లాసు సారా తాగాడు. నోటి దగ్గర వాసన వచ్చింది కదా, ఇంకేం కావాలి? స్టాండులో వంతు ప్రకారం జనాన్ని ఎక్కించుకోవడానికి ప్రతి బండికీ ఒక నంబరు ఉంటుంది; తన తప్పుతో పడినవాడి నంబరు ఇంటివాళ్లకు దక్కదని డ్రైవర్ల కమిటీ నియమం. నోర్బు తాగి పడ్డాడని తేల్చి, వంతుల వరసలో అతని నంబరు కొట్టేసి చేతులు దులుపుకున్నారు. లేకపోతే ఫూల్‌మాయ బండి బాగు చేయించి, ఒక డ్రైవర్ని పెట్టుకుని బతికేది. ఇప్పుడు ఊళ్లోవాళ్ల బట్టలు ఉతుకుతోంది. ఆ నంబరు ఎదురుచూసేవాళ్లలో మొదటివాడికి వెళ్లింది. ఆ మొదటివాడు బుద్ధిమానే.

జాకీ ఎత్తి, దుంగలు పేర్చి, చక్రాలు ఊడదీశాడు. తుప్పు తిన్న బోల్టులను డీజిల్‌తో నానబెట్టాడు. కుడి కమాను గంటలో దిగింది. ఎడమది మొండికేసింది. రంపంతో చివరి బోల్టు కోస్తుంటే ఫూల్‌మాయ టీ తెచ్చింది.

"డబ్బులేం వద్దన్నయ్యా. ఎడమదాంట్లో పెద్ద పట్టీ నాకియ్యి చాలు. దసరాకి ఖుకురీ చేయించుకుంటా."

"విరిగిన ముక్క ఎందుకు చెల్లెమ్మా? నా దగ్గర మంచి పట్టీ ఉంది, పంపిస్తాలే."

"నీ పట్టీ నాకెందుకు? ఆయనది కావాలి. మగదిక్కు లేని ఇంట్లో ఆయన గుర్తుగా ఓ కత్తైనా ఉండనీ. మనబీర్‌కి కబురు పెట్టా, వస్తున్నాడు."

మనబీర్ కమ్మరి; ఆ కొండల్లో కమ్మర్లను ఇళ్ల అరుగులు ఎక్కనివ్వరు. పుట్టినప్పటి నుంచీ కమాను పట్టీలు కాల్చి ఖుకురీలు కొడుతున్నవాడు. కమాను కిందికి దిగేసరికి ఆ ముసలాయన వచ్చి, అలవాటు ప్రకారం అరుగు ఎక్కకుండా, దూరంగా రాయి మీద కూర్చున్నాడు.

"షాపుకి తీసుకెళ్లి విప్పి పంపిస్తా" అన్నాడు బుద్ధిమాన్.

"ఒక్క బోల్టు విప్పడానికి షాపు దాకా మోస్తావా మేస్త్రీ? నడుం బాగానే ఉందే నీకు!" అన్నాడు మనబీర్.

ఫూల్‌మాయ నవ్వింది. బుద్ధిమాన్ ఇక విప్పక తప్పలేదు. పట్టీలు విడివడ్డాయి. మనబీర్ పెద్ద పట్టీ ముక్కలు రెండూ తీసుకుని, తడి గోనెతో మట్టి తుడిచి, బొటనవేలితో తడిమాడు.

"ఇది కత్తికి పనికిరాదమ్మా. దీనికి అతుకు పెట్టారు. అతుకు దగ్గరే తెగింది. లోయలో పడితే వంకర పోతుంది గానీ ఇలా తెగదు. ముందు ఇది తెగింది, తర్వాతే బండి పడింది."

"అంటే తాగి పడలేదా? నేను చెప్తూనే ఉన్నా! నాలుగేళ్లుగా చెప్తూనే ఉన్నా!" ఫూల్‌మాయ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూడలేక బుద్ధిమాన్ తల దించుకున్నాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం అతనికి మళ్లీ రాదు.

"అతుకు ఎవరు పెట్టారు?" అని అడిగిందామె.

"సిలిగుడిలో పెట్టించుకున్నాడు" అన్నాడు బుద్ధిమాన్. మొదటి మాట వచ్చాక మిగతావి వాటంతటవే వచ్చాయి. "నాతో చెప్పాడు కూడా. వద్దురా, బండి ఆపరా అని ఎంత మొత్తుకున్నా వినలేదు. పోయినవాడి మీద ఎందుకులే అని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నా."

"ఈ చుట్టుపక్కల వెల్డింగ్ మిషను ఉన్నది ఒక్క..." అని మొదలుపెట్టాడు మనబీర్.

"నువ్వుండు మనబీర్!" అని కసిరింది ఫూల్‌మాయ. "మేం మాట్లాడుకుంటున్నాం కదా, మధ్యలో నువ్వెందుకు?"

ముసలాయన అలాంటి మాటలు ఎన్నో పడ్డవాడు. పట్టీ ముక్కలు నేల మీద పెట్టి, టీ తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఫూల్‌మాయ ఆ ముక్కలు చేతిలోకి తీసుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాడు బుద్ధిమాన్. ఏడవలేదు.

"తెలిసీ నడిపాడన్నమాట. నా మొహం, పిల్లల మొహం గుర్తు రాలేదు. వాడి కోసమా నేను కమిటీ గుమ్మంలో నిలబడి అందర్నీ శాపనార్థాలు పెట్టింది? వాళ్లే నయం." కొంగుతో మొహం తుడుచుకుంది. "రేపు వెళ్లి క్షమించమని అడుగుతా. ఒక్కదాన్ని వాళ్ల మొహం చూడలేను. ఆయన్ని తాగుబోతు అననివాడివి ఊళ్లో నువ్వొక్కడివే. తోడు వస్తావా అన్నయ్యా?"

"వస్తాను చెల్లెమ్మా" అన్నాడు బుద్ధిమాన్.