పైఊరి గాలి

కొలిమి మళ్ళీ వెలిగించిన రోజున మా మావయ్య మిసాక్ ఫ్యాక్టరీ గేటు ముందు గొర్రెను కోయించి, ఆ నెత్తురులో వేలు ముంచి నా కొడుకు నుదుటి మీద శిలువ గుర్తు పెట్టాడు. సెవాక్‌కి అప్పుడు మూడేళ్ళు. డోలు మోగుతోంది. కరెంటు లేని చలికాలాల్లో కుర్చీలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టుకున్న మనుషులు ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకుని ఆడారు. మళ్ళీ రాగి కరుగుతుంది, మళ్ళీ జీతాలొస్తాయి. మాంసం ఉడికేలోపే పొగ వచ్చింది. పొగ లేచింది అనాలి. కానీ మా ఊళ్ళో అది లేవలేదు, కూర్చుంది.

మా ఖోరాజోర్ లోయ అడుగున ఉంది. నది, నది పక్కన రైలుపట్టా, పట్టా పక్కన ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని మా ఇళ్ళు. రెండు వైపులా నిటారు రాతికొండలు. ఎండ కూడా ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోతుంది. అలాంటి చోట పుట్టిన పొగ తనంతట తను బయటికి పోలేదు, ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని తీసుకుపోవాలి. మొదట్లో ఇక్కడ రాగి తీసిన ఫ్రెంచివాళ్ళు ఆ సంగతి పట్టించుకోలేదట, కూలీలు పిట్టల్లా రాలిపోయారట. సోవియట్ల కాలంలో గొట్టం వేశారు. మనిషి లోపల నిలబడి నడవగలిగేంత లావు ఇనపగొట్టం, కొలిమి దగ్గర మొదలై కొండ మీదికి పాకి, పైఊరి అంచున నోరు తెరిచేది. అప్పటినుంచి కింద మేం హాయిగా ఉన్నాం.

ఫ్యాక్టరీ మూతపడి దేశమంతా చీకట్లో ఉన్నప్పుడు మా మగవాళ్ళు ఆ గొట్టాన్ని ముక్కలుగా కోసి, సరిహద్దు దాటించి పాత ఇనుముకింద అమ్ముకున్నారు. మా ఆయన గెగామ్ కూడా కోశాడు. మా పెళ్ళి రొట్టె, సెవాక్ పుట్టిన చలికాలంలో మేం కాల్చిన కట్టెలు, అన్నీ ఆ గొట్టమే. చల్లారిన కొలిమికి పొగగొట్టం దేనికి అన్నారు అందరూ. అది మళ్ళీ వెలుగుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. కొత్త యజమాని వచ్చి, ముందు జీతాలు కావాలా గొట్టం కావాలా అని గేటు దగ్గర అడిగాడు. జీతాలే అని అరిచాం. నేను అందరికంటే గట్టిగా అరిచాను.

అగ్గిపుల్ల గీసి ముక్కులో పెట్టినట్టుండేది ఆ వాసన. తీగ మీద ఆరేసిన బట్టలు చిల్లులు పడ్డాయి. సెవాక్ ఊపిరి తీసినప్పుడల్లా వాడి గొంతు కింద గుంట పడేది. నేను రోజంతా ఆ గుంటనే చూస్తూ కూర్చునేదాన్ని. రొట్టె మాడేది, పాలు పొంగేవి. వాడి గోళ్ళు నీలమయ్యాక ఆస్పత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ మందు రాసి, ఈ మందుతో తగ్గదు, పిల్లాణ్ణి పైఊరు తీసుకుపో అంది.

మా అత్తయ్య షుషాన్ మూతి తిప్పింది. "మా పిల్లలు ఇక్కడ పెరగలేదా? దగ్గు వాడికి కాదు, నీ బుర్రకి."

ఆవిడ పిల్లలు పెరిగినప్పుడు పొగ పైకి పోయేదని నేను అనలేదు. పక్కింటావిడ కూడా కిటికీలోంచి తల పెట్టి, జీతాలొచ్చే ఇంట్లో దగ్గు బయటికి వినపడకూడదు అమ్మాయ్, తనిఖీవాళ్ళు వింటే ఫ్యాక్టరీ మూసేస్తారు అంది. దగ్గు వచ్చినప్పుడు దిండు అడ్డం పెట్టమని సలహా కూడా ఇచ్చింది.

పైఊళ్ళో మాకున్నది ఒక్కటే ఇల్లు. మా మావయ్య చెల్లెలు వార్సెనిక్‌ది. ఆ ఇంటికి మావాళ్ళు పోవడం మానేసి ఏళ్ళయింది. కారణం అదే గొట్టం. దాన్ని వేయించిన మేస్త్రీ మా మావయ్యే. దాని నోరు సొంత చెల్లెలి తోట పక్కన తెరిచాడు. ఆవిడ అక్రోటు చెట్లు ముందు పోయాయి. తర్వాత కొడుకు, ఆ తర్వాత చంటిది. ఆస్పత్రివాళ్ళు ఇద్దరికీ నిమోనియా అని రాశారు. మా మావయ్యకి పతకం ఇచ్చారు. ఇక్కడ కిందివాళ్ళం పైఊరివాళ్ళని పొగతిండిగాళ్ళు అని పిలిచేవాళ్ళం. పిల్లలు ఆ పేరుతో ఆటలు కూడా ఆడేవాళ్ళు, నేనూ ఆడాను.

రోప్‌వే డబ్బాలో సెవాక్‌ని ఒళ్ళో పెట్టుకుని పైకి వెళ్ళాను. సగం దూరంలో డబ్బా పొగలోంచి బయటపడగానే కళ్ళు మూసుకుపోయేంత ఎండ. వాడి గొంతు కింద గుంట అప్పుడే కొంచెం పూడినట్టనిపించింది నాకు.

వార్సెనిక్ తలుపు సగమే తెరిచింది. నేనెవరో చెప్పాను.

"మిసాక్ పంపించాడా?"

లేదన్నాను. నేను వచ్చినట్టు ఆయనకి తెలియదన్నాను.

"చిన్నప్పుడు వాడికి జ్వరం వస్తే, నీ నొప్పి నాకు రానీరా అన్నయ్యా అనేదాన్ని. మనవాళ్ళందరూ అనే మాటేగా. వాడు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు. గొట్టం వేసి మరీ పంపించాడు." సెవాక్ వైపు చూడలేదు ఆవిడ. "మిసాక్‌నే వచ్చి అడగమను."

తలుపు వేసేసింది. నేను మళ్ళీ ఆ డబ్బాలోనే పొగలోకి దిగాను.

మావయ్య కాళ్ళు పట్టుకున్నాను. దాని గడప తొక్కనన్నాడు. గెగామ్ నన్ను బయటికి లాగి, నాన్నని అవమానించకు, చలి తగ్గితే వాడే తేరుకుంటాడు అన్నాడు. తేరుకోలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర సెవాక్ చేతిలో రొట్టె పట్టుకునే కళ్ళు తేలేశాడు. వీపు మీద చరిచి, చరిచి, మళ్ళీ ఊపిరి తెప్పించాను. మావయ్య గ్లాసు బల్ల మీద పెట్టి, లేచి టోపీ పెట్టుకున్నాడు.

పైన ఆవిడ ఆవు పాలు పితుకుతోంది. మావయ్య పాక ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఆవిడ లేవలేదు. పితకడం అయ్యేదాకా, పాలు వడకట్టేదాకా, బకెట్టు కడిగి బోర్లించేదాకా మమ్మల్ని అలాగే నిలబెట్టింది. నా చేతుల్లో సెవాక్ ఊపిరి ఈలలు వేస్తోంది.

"ఊఁ, అడుగు."

"పిల్లాణ్ణి కొన్నాళ్ళు ఉంచుకో, వార్సో."

"నా పిల్లల పేర్లు చెప్పి అడుగు."

"లెవోన్," అన్నాడు మావయ్య. అని ఆగిపోయాడు.

"రెండోది?"

ఆయన పెదాలు కదిలాయి. టోపీని చేతుల్లో తిప్పాడు. నా వైపు చూశాడు, నాకు తెలిస్తే చెప్పమన్నట్టు. నాకు తెలియదు. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ అనగా వినలేదు.

"పోనీలే. అప్పుడు పెద్ద పనిలో ఉన్నావుగా," అంది వార్సెనిక్. ఆవిడ ముఖంలో ఏదో తీరినట్టు కనిపించింది. "నువ్వు దిగిపో. ఏమే పిల్లా, గుడ్లప్పగించి చూస్తావేం? వాణ్ణి లోపలికి తీసుకురా."

అలా వసంతం నుంచి ఆకురాలే కాలం దాకా పైన ఉన్నాం.

ఆవిడ నన్ను ఒక్కరోజు కూడా ఊరికే వదల్లేదు. పొద్దున్నే కొండ అంచుకి తీసుకెళ్ళేది. కింద లోయ నిండా పొగ, తెల్లగా, కదలకుండా. దాని అడుగునుంచి రైలు కూత వినపడేది, రైలు కనపడేది కాదు. "చూడవే, మీ అత్త ఏం వండుతోందో కనిపిస్తోందా?" అని నవ్వేది. బంగాళాదుంపలు తవ్వించింది, పేడ ఎత్తించింది, ఆ ఇద్దరి సమాధి రాళ్ళ మీద నాచు గీకించింది. గీకుతున్నంతసేపూ పక్కనే నిలబడింది. నిద్రపోతున్న సెవాక్‌ని నేను లేపి చూస్తుంటే, ఊపిరి ఉందో లేదో తెలుసుకోడానికి పిల్లాణ్ణి లేపే తల్లిని నిన్నే చూశానే, నువ్వుంటే పొగ ఎందుకు వాడికి అనేది.

కానీ వాడు పెరిగాడు. బుగ్గలకి రంగు వచ్చింది. మేక వెనకాల పరిగెత్తి, పడి, లేచి, మళ్ళీ పరిగెత్తేవాడు. ఆవిడని మామ్మా అని పిలిచేవాడు. పెరుగు చారు ఆవిడ చేత్తో పోస్తేనే తాగేవాడు. చివరికి నా పక్కలోంచి లేచి వెళ్ళి ఆవిడ వీపుకి ఆనుకుని పడుకోవడం మొదలుపెట్టాడు. ఆవిడ వాణ్ణి దగ్గరికి తీసుకోవడం నేను చూడలేదు. కానీ తెల్లవారేదాకా పక్కకి ఒత్తిగిలేది కాదు.

ఈలోగా కింద ఆడవాళ్ళు పిల్లల్నెత్తుకుని రైలుపట్టాల మీద కూర్చున్నారని తెలిసింది. ఫ్యాక్టరీ మూయమని కాదు, గొట్టం వెయ్యమని. యజమాని ఒప్పుకున్నాడు. పాత గొట్టం కింద నిలబెట్టిన సిమెంటు దిమ్మలు కొండ పొడుగునా అలాగే ఉన్నాయి, వాటి మీదే వేస్తే ఖర్చు తక్కువ. దిమ్మలు ఎక్కడెక్కడున్నాయో చూపించడానికి మా మావయ్యని పిలిచారు. అతుకులు వేసేవాళ్ళలో గెగామ్‌ని పెట్టుకున్నారు. ఒకప్పుడు కోసింది కూడా వాడే కదా, ఎక్కడ అతకాలో వాడికే తెలుసని ఊళ్ళో నవ్వుకున్నారట.

కొండ అంచు నుంచి చూస్తే వెల్డింగు మెరుపులు కనపడేవి. ప్రతి వారం కొంచెం పైకి. సెవాక్ చప్పట్లు కొట్టేవాడు, అది నాన్న అని చెబితే. ఆదివారాలు గెగామ్ పైకి వచ్చేవాడు. వార్సెనిక్ వండింది తిని, వేళ్ళు నాకి, పెరట్లోకి వచ్చి నాతో మెల్లగా, చలికాలం లోపల అయిపోతుంది నాజిక్, ఇంక ఇంటికి వచ్చెయ్యొచ్చు అనేవాడు. గొట్టం నోరు తెరిచాక ఆవిడ సంగతేమిటని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

గొట్టం సగం పైకి వచ్చాక పైఊరివాళ్ళు అర్జీ పెట్టారు. నోరు ఇక్కడ కాదు, అవతలి శిఖరం దాటించి, మనుషులు లేనివైపు తెరవండి అని. అందుకు రాజధాని యెరెవాన్ నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. మూతపడ్డ బడిలో అందరూ చేరారు. ముప్ఫై ఇళ్ళ ముసలివాళ్ళు, చిన్నపిల్లల బల్లల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నారు. వాళ్ళ తరఫున మాట్లాడే అవెతిస్ తాత ముందురోజే మా దగ్గరికి వచ్చి, నువ్వు రెండు గాలులూ చూసినదానివి తల్లీ, ఆ పొగ పిల్లల్ని ఏం చేస్తుందో నువ్వు చెబితే వింటారు అన్నాడు. నేను తల ఊపాను. వార్సెనిక్ ఆ మాట వింది. ఆ పూట మాత్రం నా చేత పేడ ఎత్తించలేదు.

పెద్దమనిషి చెప్పింది విన్నాను. శిఖరం దాటించాలంటే ఇంకో ఏడాది పడుతుంది. అభ్యంతరం ఉందని రాసుకుంటే పని ఉన్నచోటే ఆగిపోతుంది. గెగామ్ తలుపు దగ్గర నిలబడ్డాడు, వెల్డింగు కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని. నా వైపే చూస్తున్నాడు. నేను చలికాలం గురించి ఆలోచించాను. మంచు పడితే రోప్‌వే ఆగిపోతుంది. దారి మూసుకుపోతుంది. డాక్టరమ్మ కింద ఉంటుంది, సెవాక్ పైన ఉంటాడు. కిందికి తీసుకుపోతే పొగ. ఇంకో ఏడాది.

"ఈ అమ్మాయిని అడగండి," అన్నాడు అవెతిస్ తాత. "కొడుకుని బతికించుకోడానికి మా దగ్గరికి వచ్చింది."

లేచి నిలబడ్డాను. పెద్దమనిషి పెన్ను ఎత్తి పట్టుకున్నాడు.

"ఇక్కడ చిన్నపిల్లలు లేరండి," అన్నాను. "కింద ఉన్నారు."

ఆయన ఆ మాట కోసమే వచ్చినట్టు తల ఊపి రాసుకున్నాడు. వెనక బల్ల నుంచి వార్సెనిక్ లేచింది.

"నిజమే చెప్పింది," అంది అందరికీ వినపడేలా. "లేరు."

ఆవుని కట్టెయ్యాలని చెప్పి వెళ్ళిపోయింది.

గొట్టాన్ని కొలిమికి కలపడానికి పొగ ఆపిన వారంలో మేం బయలుదేరాం. సెవాక్ బట్టలు తనే మూట కట్టింది. ఎండు రేగిపళ్ళు, తను అల్లిన ఉన్ని మేజోళ్ళు అందులో పెట్టింది. రోప్‌వే దాకా వాణ్ణి తనే ఎత్తుకుంది. మామ్మ కూడా వస్తోందనుకున్నాడు వాడు, డబ్బాలో కిటికీ పక్కన ఆవిడకి చోటు చూపించాడు. డబ్బా నడిపేవాడు ఇద్దరా ముగ్గురా అని అడిగాడు. ఆవిడ ఏం చెబుతుందో వినేదాకా నేను ఆగలేదు.

"ఆవిడ రావడం లేదు," అన్నాను.

వార్సెనిక్ సెవాక్ చేతుల్ని తన మెడ మీదినుంచి విడదీసి నాకు అందించింది. "గెగామ్‌కి చెప్పు, అతుకులు గట్టిగా వెయ్యమను. కారితే మళ్ళీ మీకే."

మొదటి మంచుకి ముందే పని అయిపోయింది. కొత్త గొట్టంలోకి పొగ వదిలిన రోజున ఊరంతా బయటికి వచ్చి తలెత్తి నిలబడింది. కొండ అంచున, ఆవిడ తోట ఉన్నచోట, ముందు ఒక పాయ కనిపించింది. తర్వాత లావుగా, పసుపు తెలుపు కలిసిన రంగులో, వదలకుండా. జనం చప్పట్లు కొట్టారు. మావయ్య టోపీ తీశాడు. గెగామ్‌ని నలుగురు భుజాల మీదికి ఎత్తుకున్నారు.

"అది ఎక్కడికి పోతోంది?" అని అడిగాడు సెవాక్.

"పైకి," అంది అత్తయ్య.

"పైన మామ్మ ఉందిగా?"

"తలుపేసుకుంటుందిలే."

వాడు కాసేపు పైకే చూసి, ఏడుపు మొదలుపెట్టాడు. మామ్మ దగ్గరికి పోతానని, కాళ్ళు నేలకేసి కొడుతూ, గుక్క తిప్పుకోకుండా ఏడ్చాడు. అత్తయ్య వాడి నోట్లో మిఠాయి పెట్టబోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చొక్కా గుండీ విప్పి, వాడి గొంతు కిందే చూస్తూ ఉండిపోయాను. అంత ఏడుపులోనూ అక్కడ గుంట పడలేదు. ఏడవనివ్వండి అన్నాను.