తేనెటీగకు మొహం కడిగిన మనిషి

మా ఆయనకు మచ్చలేని మొహం కావాలి. ఎవరిదైనా సరే. ఫోటో స్టూడియో పెట్టిన నాటి నుంచి ఊళ్ళోవాళ్ళ పుట్టుమచ్చలు, మొటిమలు, కళ్ళ కింది నలుపు అన్నీ ఆయన చేతిలోనే మాయమయ్యాయి. మా పెళ్ళి ఫోటోలో నా గడ్డం మీది గాటు కూడా తీసేశాడు. అది చూసి మా పెద్దమ్మ "ఎవరే ఈ పిల్ల?" అని నన్నే అడిగింది.

ఇలాంటి మనిషికి కూతురై పుట్టి, మా అమ్మాయి మనుషుల వంక చూడనే చూడదు. స్టూడియో వెనక ఉన్న కాస్త తోటలో బోర్లా పడుకుని తేనెటీగలను ఫోటోలు తీస్తుంది. అదీ ఈగ మీసాలకు లెన్సు తగులుతుందేమో అన్నంత దగ్గరగా. "పాస్‌పోర్టు ఫోటో తిన్నగా తీయదు కానీ ఈగల వెంట పడుతుంది. బటన్ నొక్కగానే సరా?" అని ఆయన సణుగుడు. నాకు మాత్రం ఆ ఫోటోలు చూస్తే ఒళ్ళు పులకరించేది. కంటికి ఆననంత పురుగుకు అంత మొహం, ఆ మొహంలో అంత ఠీవి ఉంటాయని నాకేం తెలుసు?

ఇంతలో ఊళ్ళో పెద్ద పూలతోటవాళ్ళు తమ గుమ్మం మీద పెట్టడానికి ఒక ఫోటో కావాలని, వచ్చినవాటిలోంచి ఎంచుకుంటామని అన్నారు. మనిషెత్తు ఫోటో, కింద తీసినవాళ్ళ పేరు. మా ఇంట్లోంచి వెళ్ళిన ప్రతి ఫోటో వెనకా ఇన్నాళ్ళూ మా ఆయన స్టూడియో ముద్రే ఉండేది. పిల్ల పేరు ఎక్కడా పడలేదు. అందుకే అది ఈ ఫోటో కోసం ప్రాణం పెట్టింది.

"ఇది ఎంచుకున్నారంటే, నాన్న ఇంక నన్ను బటన్ నొక్కే పిల్ల అనడమ్మా" అంది.

ఒంటి మీద నీలం పట్టీలున్న తేనెటీగ అది. మొహం నిండా పచ్చటి పుప్పొడి. ఒక రెక్క అంచు చిరిగింది. మర్నాడు పొద్దున ఫోటో పట్టుకెళ్ళి ఇవ్వాలి. పిల్ల చట్రం తేవడానికి బజారుకెళ్ళిన సమయంలో మా ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కూతురి మీద ప్రేమ పొంగింది కాబోలు.

"ఇలా రా, చూడు! ఎలా ఉంది?" అని పిలిచాడు.

చూద్దును కదా, పుప్పొడి మొత్తం తుడిచేశాడు. రేగిన వెంట్రుకలు దువ్వాడు. రెండో వైపు రెక్కలోంచి ముక్క తెచ్చి చిరుగు పూడ్చాడు. బొమ్మల కొట్లో వేలాడదీసే ప్లాస్టిక్ ఈగలా ఉంది. దాన్నే పాత ఫోటో మీద సేవ్ చేశాడు. ఆ పైన స్టూడియో అలవాటు ఒకటుంది కదా, పని ముగియగానే కెమెరాలోని ఫోటోల కార్డు ఖాళీ చేయడం! అదీ చేశాడు.

పిల్ల వచ్చి చూసింది.

"నాన్నా, మొహం కడిగావేంటి?"

"మరి మురికి మొహంతో గుమ్మం ఎక్కిస్తావా?"

"మురికి కాదు నాన్నా. పొద్దుటి నుంచి పూలమీద తిరిగిన గుర్తు. పాతది ఏది?"

ఆయన ఖాళీ కార్డు వంక చూశాడు. తల కొట్టేసినట్టయింది ఆయనకు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చిన మాటల్లా అన్నాను.

పిల్లే నన్ను ఆపింది. "ఈ జాతి మగ ఈగలకు గూడు ఉండదమ్మా. సాయంత్రం పుల్లను దవడలతో కరిచి పట్టుకుని నిద్రపోతాయి. ఎండ తగిలేదాకా కదలవు. మనది రోజూ గోడవార ఎండు పుల్ల మీదికే వస్తోంది."

"ఇవాళ కూడా వస్తుందా?" అన్నాడు ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

వచ్చింది. పొద్దు వాలేవేళ అదే పుల్లను కరిచి పట్టుకుంది. మళ్ళీ ఎక్కడెక్కడ తిరిగిందో, మొహం నిండా పుప్పొడే.

తెల్లవారుతుండగా ముగ్గురం తోటలో ఉన్నాం. గాలి తగలకుండా నేను గొడుగు అడ్డం పెట్టాను. వెలుతురు ఈగ మీద పడేలా ఆయన తెల్ల అట్ట పట్టుకున్నాడు. పిల్ల మట్టిలో మోచేతులు ఆనించి పడుకుంది.

"అట్ట కాస్త కిందికి నాన్నా. ఊపిరి అటు తిరిగి వదులు, పుల్ల ఊగుతోంది."

ఊరందరినీ "కదలొద్దు, రెప్ప వేయొద్దు" అని గదమాయించే మనిషి, కూతురు చెప్పినట్టు మొహం ఎర్రబడేదాకా ఊపిరి బిగబట్టాడు. ఉండబట్టలేక ఈగతో "తల కొంచెం పైకి" అన్నాడు కూడా.

"నవ్వించకు నాన్నా, చెయ్యి కదులుతోంది!"

అంత దగ్గరగా తీసేటప్పుడు కన్ను స్పష్టంగా వస్తే మీసం మసకబారుతుందట. అందుకని విడివిడిగా తీసి, తర్వాత అన్నీ ఒకటిగా కలపాలట. పిల్ల వెంట్రుకవాసి ముందుకు జరుగుతూ, ఆగుతూ, నొక్కుతూ పోయింది. అది బటన్ నొక్కడం కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఆయనకూ అర్థమైందని ఆయన మొహమే చెప్పింది. ఇంతలో గోడ మీంచి ఎండ దిగింది. ఈగ వణికింది, ముందు కాళ్ళతో మొహం తుడుచుకుంది, ఎగిరిపోయింది.

"చూశావా, అదే కడుక్కుంది!" అన్నాడు ఆయన.

ఈసారి ఫోటో పాతదానికంటే బాగా వచ్చింది. చెంపల మీద పుప్పొడి, పుప్పొడి మీద మంచుబొట్లు. అచ్చు తీస్తున్నంతసేపూ నేను ఆయన వెనక కాపలా నిలబడ్డాను. ఆయన దేన్నీ ముట్టుకోలేదు.

పెద్ద తోటలో ఫోటోలు ఎంచే ఆవిడ చాలాసేపు చూసింది. పక్క గదిలోవాళ్ళను కూడా పిలిచి చూపించింది. "ఇదే పెడదాం" అని మా ఆయన వైపు తిరిగింది. "మీ చెయ్యి పడితే ఆ అందమే వేరండీ. కింద మీ పేరే కదా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నేను అట్ట పట్టుకున్నానండీ, అంతే. తీసింది మా అమ్మాయి. అడిగినా నాకు చేతకాదు. పేరు కాస్త పెద్ద అక్షరాలతో రాయించండి."

నాకు ఏడుపొచ్చేసింది, గర్వంతో. పిల్ల మాత్రం ఏడవలేదు. ముందుకెళ్ళి నిలబడి, ఆవిడ తప్పు రాసుకోకుండా, ఒక్కో అక్షరం విడదీసి తన పేరు చెప్పింది.