అరచేతిలో కబుర్లు

అద్దాల కొట్టాయనకు చేతిలో ఎంత పనితనం ఉందో, ఓపికకు అంత కరువు. ఓ సోమవారం కిటికీ అద్దం ఎత్తుతుంటే జారి, ఎడమ అరచేతిని అడ్డంగా గీరేసింది. లోతుగా తెగలేదు, కుట్లు అక్కర్లేదన్నాడు డాక్టరు. "తడపకండి, బరువులెత్తకండి, గిల్లకండి" అని చెప్పి కట్టు కట్టి పంపాడు.

మనవాడు వింటేగా! పొద్దున లేవగానే కట్టు విప్పడం, పెచ్చును గోటితో లేపి కింద ఏం జరుగుతోందో చూడడం. ఏముంటుంది? మళ్లీ నెత్తురు.

"అది గాయమా, పొయ్యిమీద గిన్నెనా? అస్తమానం మూత తీసి చూస్తారేం?" అని భార్య తలంటింది. ఆయన చెవికెక్కలేదు.

పది రోజులైనా గాయం మానలేదు. ఇంతలో వదిన ఫోను చేసింది. ఆవిడ చర్మ కణాలను పెంచి పరిశోధన చేసే ల్యాబులో ఉద్యోగి.

"మరిదిగారూ, మా ల్యాబులో బీరువా తలుపు అద్దం పగిలింది. వచ్చి కొలత తీసుకెళ్లు."

వెళ్లాడు. కొలత తీస్తుంటే కట్టు మీద ఎర్రటి మరక ఆవిడ కంటబడింది. సంగతి విని నవ్వాపుకుంటూ ఆయన్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది.

"ఈ గిన్నెలో ఉన్నవి చర్మ కణాలు. నిన్న మధ్యలో సూదితో గీత గీశాను. ఇప్పుడు చూడు."

చూశాడు. గీతకు రెండు వైపులా కణాలు ఒళ్లు సాగదీసుకుని ఖాళీలోకి పాకి వచ్చేశాయి. సన్నటి సందు మాత్రం మిగిలింది.

"వీటికెవరు చెప్పారు వదినా?"

"పక్కవాళ్లే! దెబ్బ తగిలిన అంచు నుంచి పక్క కణానికి కబురెళ్తుంది, అక్కణ్ణుంచి ఆ పక్కదానికి. అంతా కలిసి కదుల్తాయి."

"కబురంటే? ఏ భాషలో?"

"రసాయనాల్లోలే. మీ అన్నకీ నాకూ మధ్య కంటే బాగానే సాగుతాయి వాటి మాటలు!"

తర్వాత ఇంకో గిన్నె పెట్టింది. అందులో కబుర్లు అందకుండా మందు కలిపారు. గీత నిన్న గీసినంత వెడల్పుగానే ఉంది. అంచున కణాలు దిక్కు తోచనట్టు నిలబడిపోయాయి. ఆయన చాలాసేపు కళ్లు తిప్పుకోలేదు.

"అయితే నేను రోజూ గోటితో..."

"నీ చేతిలోవి కబుర్లు పంపుకుని, పాపం, పాకి వస్తున్నాయి. నువ్వేమో వచ్చినవాటిని వచ్చినట్టే పీకేస్తున్నావు. ఇహ మళ్లీ మొదటికి!"

ఆయనకు సిగ్గేసింది. ఆవిడే నెత్తురు తుడిచి కొత్త కట్టు కట్టింది.

ఇంటికొచ్చి కొలతల చీటీ భార్య చేతిలో పెట్టాడు.

"ఈ అద్దం నువ్వు కొయ్యి."

"నేనా!" పదిహేనేళ్లుగా ఆవిడ అద్దం రెండో కొస పట్టుకుందే తప్ప అద్దం కోసే కట్టరు ముట్టుకోలేదు. స్కేలు ఆనించి, ఊపిరి బిగబట్టి, ఒక్క గీత లాగింది. కింద నుంచి చిన్నగా తట్టింది. టక్కున విరిగింది. అంచు తిన్నగా, నున్నగా ఉంది.

ఆయనకు గర్వంగానూ అనిపించింది, గుండెలో చిన్న గుబులూ పుట్టింది. గీతలో వంక వెతికాడు. దొరకలేదు.

మరో పన్నెండు రోజులు చెయ్యి ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. దురద పుట్టినప్పుడల్లా పళ్లు బిగబట్టాడు. గాయం పూడి, పల్చటి గులాబీ చార మిగిలింది. ఈలోగా కొట్టుకు వచ్చిన పనులన్నీ ఆవిడే కోసింది.

"చెయ్యి బాగైందిగా, కట్టరు ఇటియ్యి" అన్నాడు.

"ఇంకోటి కొనుక్కోండి" అంది ఆవిడ, గీత మీంచి చూపు తిప్పకుండా.

కొనుక్కున్నాడు.