రెండు పొట్టేళ్ళు, ఒక లారీ

నేను ముసలితనంలో పలక పట్టినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా తప్పుతాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. చదివేవాళ్ళు తప్పులు మన్నించి, కథ మీద మనసు పెట్టండి.

పూతలపట్టుకు రెండు మైళ్ళ దూరంలో ఒక చిన్న ఊరు. ఎనభై ఒకటో సంవత్సరంలో అక్కడ సర్పంచి ఎన్నికలు జరిగి మునిరామయ్య గెలిచాడు. ఆరు నెలలకు పడమటి వీధికి కొళాయి వచ్చింది. వచ్చింది గాని దేవకమ్మ వాకిట్లోకి రాలేదు. నాలుగిళ్ళ అవతల, పంకజాక్షి వాకిట్లో నిలబడింది.

ఆ రోజు నుంచి దేవకమ్మకు సంగటి గొంతు దిగలేదు.

కొళాయి తన ఇంటి ముందే వస్తుందని ఆమె వీధి వీధంతా చెప్పుకుంది. చెప్పుకోవడానికి కారణం ఉంది. ఎన్నికలకు మూడు రోజుల ముందు, పెరటి దారిన రెండు పొట్టేళ్ళను మునిరామయ్య ఇంటికి తోలించింది తనే. మునిరామయ్య ఊరందరికీ పెట్టిన విందులో మాంసం ఎక్కడిదని అడిగిన వాళ్ళు లేరు. పొట్టేళ్ళు ఏమయ్యాయని అడిగిన వాళ్ళకు మాత్రం, చిత్తూరు సంతలో అమ్మేశామని చెప్పింది.

పంకజాక్షి మొగుడు ఏకాంబరానికి బెల్లం తోలే లారీ ఉంది. ఎన్నికలు ముగిసేదాకా అది బెల్లం తోలలేదు. మునిరామయ్య మనుషుల్ని తోలింది.

"రెండు పొట్టేళ్ళకంటే ఒక లారీ ఎక్కువైపోయిందా?" అని దేవకమ్మ రోజుకు పదిసార్లు మొగుడిని అడిగేది.

"ఏమ్మే, నీళ్ళు వస్తా ఉండాయి గదా. ఎవురి వాకిట్లో వస్తే ఏమి?" అనేవాడు గోవిందస్వామి.

"నీకేం, కడవ ఎత్తేది నువ్వా?"

కడవ బరువు కాదు ఆమె బాధ. కొళాయి కింద పారే నీళ్ళతో పంకజాక్షి కనకాంబరాలు వేసింది. అవి విరగబూశాయి. రోజూ జడలో మూరెడు దండ పెట్టుకుని కొళాయి పక్కన నిలబడి, ఎవరి తర్వాత ఎవరో చెప్పేది. అన్నిటికంటే దేవకమ్మ కడుపు మండించింది ఆమె మంచితనం. "అక్కా, పెద్దదానివి, నువ్వు ముందు పట్టుకో," అని బిందెలన్నీ పక్కకు జరిపించేది. ముందు పట్టుకున్న ఆ నీళ్ళు దేవకమ్మకు చేదుగా ఉండేవి.

ఒకనాడు పంకజాక్షి అట్లా బిందెలు జరిపిస్తుంటే దేవకమ్మ పట్టలేకపోయింది.

"నీ దయ యాడన్నా పెట్టుకో! లారీ ఇచ్చి కొనుక్కున్న కొళాయి ఇది."

పంకజాక్షి మొహం ఎర్రబడింది. "ఎవురిచ్చినారు లారీ? మా ఆయన బాడుగ తీసుకున్నాడు."

"బాడుగా! అయితే పద కాణిపాకానికి. దేవుడి ముందర సెప్పు ఆ మాట."

బిందెల మోత ఆగిపోయింది. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేసిన ఇల్లు నిలవదని ఆ చుట్టుపక్కల పాలు తాగే బిడ్డలకు కూడా తెలుసు.

పంకజాక్షి వెనక్కి తగ్గలేదు. "సోమవారం పోదాం. నేను సెప్తా. మీరేమీ ఇయ్యలేదని నువ్వూ సెప్పాల. మీ పొట్టేళ్ళు సంతకు పోయినాయో, యాడికి పోయినాయో!"

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. దేవకమ్మ కడవ ఎత్తుకుని, "సోమవారమే," అని నడిచింది.

మూడు రోజులు ఆమెకు కంటిమీద కునుకు లేదు. గోవిందస్వామి బతిమాలాడు. "వద్దే. మనకు బిడ్డలుండారు. జొరమొచ్చిందని పండుకో."

"నేను పండుకుంటే ఆమె గెల్సినట్టు గదా!"

సోమవారం పొద్దున్నే పడమటి వీధి సగానికి సగం కాణిపాకం దారి పట్టింది. తీరా పోయి చూస్తే మునిరామయ్య ముందే వచ్చి గుడి బయట తచ్చాడుతున్నాడు. ఎవరు ప్రమాణం చేసినా, చేయకపోయినా, చివరకు బయటపడేది తన పేరే.

ప్రమాణానికి దేవకమ్మ, పంకజాక్షి ఇద్దరూ తలమీద నీళ్ళు పోసుకుని తడిబట్టలతో వచ్చారు. మునిరామయ్య దేవకమ్మను పక్కకు పిలిచాడు.

"అమ్మా దేవకమ్మా, ఊరి పరువు యాల తీస్తావు? ప్రమాణం వద్దను. నెల తిరక్కముందే ఇంకో కొళాయి, నీ వాకిట్లోనే. నాదీ పూచీ."

దేవకమ్మ గుండె ఎగిరింది. తన వాకిట్లో కొళాయి! తను బిందెలు జరిపిస్తుంటే వరసలో నిలబడే పంకజాక్షి! "సరే అన్నా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో పంకజాక్షి, సంగతి కనిపెట్టి, తడి జుట్టు పిండుకుంటూ నవ్వింది. "తీసుకో అక్కా. పెద్దదానివి. నాకేం కష్టం లేదులే."

మళ్ళీ అదే మంచితనం. ఆమె వదిలిపెడితే తను తీసుకోవడమా!

దేవకమ్మ గిర్రున తిరిగి గర్భగుడి ముందుకు పోయి నిలబడింది. గొంతెత్తి చెప్పింది.

"సామీ! నేను అబద్ధమాడినాను. మా పొట్టేళ్ళు సంతకు పోలేదు. కొళాయి కోసరం మునిరామయ్యకు రెండిచ్చినాను. ఇప్పుడు ఇంకో కొళాయి ఇస్తా, నోరుమూసుకోమంటా ఉండాడు."

వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచారు. పంకజాక్షి నవ్వు మాయమైంది. దేవకమ్మ అంత నిజం చెప్పాక తను బాడుగ మాట అనగలదా? ఆమె కూడా ముందుకొచ్చింది.

"మేము లారీ ఇచ్చినాము సామీ. ఎనిమిది దినాలు. బాడుగ లేదు. డీజిల్ గూడా మాదే."

"డీజిల్ గూడానా!" అంది దేవకమ్మ, ఉండబట్టలేక.

వెనకనుంచి అదే వీధి శకుంతలమ్మ, "మేము బియ్యం మూట ఇచ్చినామయ్యా," అంది. ఇంకెవరో కట్టెలన్నారు. మునిరామయ్య చెప్పులు వెతుక్కుంటూ బయటికి పోయాడు. అందరూ చెప్పడం అయ్యాక, ఏమీ చెప్పకుండా మిగిలింది వీధి చివరి గుడిసెలో ఉండే అక్కమ్మ ఒక్కతే.

"నేనేమీ ఇయ్యలే," అందామె. "ఇచ్చేదానికి నాకాడ ఏముండాది?"

ఆ వారమే బడి ముందు ఊరు కూడింది. ఎవరు ఏమిచ్చారో అయ్యవారు సుద్దతో బడి గోడమీద రాశాడు. కొళాయి ఎక్కడుండాలో సర్పంచి ఇంట్లో కాదు, ఇక్కడే అందరి ఎదుటా తేలాలని ఆడవాళ్ళు పట్టుబట్టారు. మునిరామయ్య తల వంచక తప్పలేదు. కొళాయిని పీకి, ఎవరికీ ఏమీ ఇవ్వని అక్కమ్మ గుడిసె దగ్గర నాటారు. రాబోయే ఎన్నికల్లో ఎవరు నిలబడినా, ఎవరి దగ్గర ఏమి పుచ్చుకున్నారో ముందే గోడమీద రాయించాలని కూడా అనుకున్నారు.

చదువు రాని దేవకమ్మ గోడ దగ్గర నిలబడి అయ్యవారిని అడిగింది. "నా పేరు యాడుండాది? పంకజాక్షి పేరుకు పైనా, కిందా?"

"పైనేనమ్మా. ముందు సెప్పింది నువ్వే గదా."

ఆ పూట ఆమె రెండు ముద్దల సంగటి ఎక్కువ తిన్నది.

మరునాడు కడవ తీసుకుని అక్కమ్మ గుడిసె దాకా నడిచింది. మునుపటికంటే దూరం. ముందు పంకజాక్షి కూడా కడవతో నడుస్తూ కనిపించింది. ఆ నడక చూసి దేవకమ్మ ప్రాణం లేచొచ్చింది. కాని కొంత దూరం పోయాక ఆమెకు ఏదో తట్టింది. నీళ్ళు పట్టుకుని తిరిగి వచ్చేటప్పుడు అడుగులు లెక్కపెట్టింది. తన ఇంటికంటే పంకజాక్షి ఇల్లు కొళాయికి నలభై అడుగులు దగ్గర.

ఇట్లు,
కె. నాగులమ్మ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు తిరుపతిలో, కొర్లగుంటలో కూతురింట్లో ఉంటున్నాను.