ముందు ఎడమ చక్రం

షెడ్డు ముందు వరసగా ఆగిన బండ్ల చివర ఆమె తన కారు పెట్టి, దిగి, తలుపు ధడాలున వేసింది. మెకానిక్ తలెత్తి చూశాడు. వచ్చింది కస్టమరు కాదు, భార్య.

"ఏంటిలా వచ్చావ్?"

"చిన్న పనుంది మేస్త్రీ గారూ. నా వంతు వచ్చేదాకా కూర్చుంటాను."

అతని చేతిలో పానా ఆగిపోయింది. పెళ్లయినప్పటి నుంచీ ఆమె అతన్ని నువ్వు అనే అంటుంది.

బల్ల మీదున్న పెద్దాయన సర్దుకుని చోటిచ్చాడు. "ముందు మీది చూపించుకోండమ్మా, నాకేం తొందర్లేదు."

"వద్దండీ. ఇన్ని వారాలు ఆగినదాన్ని, ఇంకాసేపు ఆగలేనా?"

ఆమెకి ఒళ్లు మండిపోతోంది. ఊళ్లో సగం కార్లు ఇతని చేతి మీదుగానే పోతాయి, ఇంట్లో కారు చూడ్డానికి మాత్రం తీరిక దొరకదు. మొదట్లో బ్రేకు మీద కాలు పెడితే సన్నగా కీచుమనేది. చెబితే, "దుమ్ము పట్టుంటుంది, అదే పోతుంది" అన్నాడు. కీచు పెరిగింది. "రేడియో పెట్టుకో" అన్నాడు. తమ్ముడు భోజనానికి వస్తే, "మీ వదినవి పాము చెవుల్రా" అన్నాడు. అన్నదమ్ములిద్దరూ పడీపడీ నవ్వారు. ఓ రోజు ఆ కీచు కాస్తా పోయి గరగర మొదలైంది, బండరాయి మీద ఇనుపరేకు ఈడ్చినట్టు. అప్పుడూ "రేపు చూస్తాలే" అనే అన్నాడు.

ఇవాళ పొద్దున స్కూలు ముందు దిగుడులో బ్రేకు తొక్కితే పెడల్ కాలికింద వణికింది. బండి ఎడమపక్కకి లాగేసి, గేటు స్తంభానికి జానెడు దూరంలో ఆగింది. రోడ్డు దాటుతున్న పిల్లలు చెల్లాచెదురయ్యారు. వెనక సీట్లో పాప ఏడవలేదు. కొయ్యబారిపోయింది, అంతే.

ఆమె వంతు వచ్చింది.

"చెప్పు," అన్నాడు మెకానిక్.

"చెప్పండి అనండి. అందర్నీ అలాగే కదా అడుగుతారు?"

అతను చుట్టూ చూశాడు. షెడ్డులో అందరూ ఎవరి పనిలో వాళ్లు మునిగినట్టు నటిస్తున్నారు. "చెప్పండి. చప్పుడు ఎప్పుడొస్తోంది? బ్రేకు తొక్కితేనా, తొక్కకపోయినా వస్తోందా?"

ఇంత చిన్న ప్రశ్న ఇన్నాళ్లూ అడగలేదు!

"మొదట్లో తొక్కితేనే. ఇప్పుడు ఎప్పుడూ. మలుపుల్లో తిప్పినా మారట్లేదు. అద్దం దించుకుని గోడ వారగా నడిపి విన్నాను. ముందు ఎడమ చక్రం. దిగి చెయ్యి పెట్టబోతే సెగ కొట్టింది. కుడిది మామూలుగానే ఉంది."

అతను జాకీతో బండి ఎత్తి చక్రం ఊడదీశాడు. లోపలి ప్యాడ్ పూర్తిగా అరిగిపోయి ఉత్త రేకు మిగిలింది. ఆ రేకు రాసుకుని డిస్క్ నిండా చాళ్లు పడ్డాయి. ప్యాడ్ కదలడానికి ఉండే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోవడంతో బ్రేకు వదలకుండా పట్టుకునే ఉంది.

"ఆ కీచుమన్నది..." అతను నసిగాడు. "ప్యాడ్‌కి చిన్న రేకు ఉంటుంది. అరిగిపోతే మార్చమని చెప్పడానికే అది అరుస్తుంది."

"అదీ చెప్పింది, నేనూ చెప్పాను."

అతనికి పౌరుషం పొడుచుకొచ్చింది. "ఇలాంటి బండి ఎలా నడిపావసలు? అందులో పాపని ఎక్కించుకుని..."

"నోర్ముయ్!"

పొద్దున దిగుడులో జరిగింది ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డాడు. ఆమెకి జాలి వెయ్యలేదు.

"లే. రెండు పక్కలా మార్చు. డిస్కులు కూడా."

పని అయ్యేదాకా ఆమె పక్కనే నిలబడి ఉంది. నడిపి చూస్తానని అతను చెయ్యి చాపితే, తాళం ఇవ్వలేదు.

"నేనే నడుపుతా. నువ్వు పక్కన కూర్చో."

తిన్నగా ఆ దిగుడుకే తీసుకెళ్లింది. బ్రేకు తొక్కింది. కారు ఉలుకూ పలుకూ లేకుండా ఆగింది.

"తప్పైపోయింది," అన్నాడతను.

"ఆ మాట సాయంత్రం పాపతో చెప్పు. ఇప్పుడు దిగు."

"ఇక్కడా? షెడ్డు దాకా నడవాలే!"

"నడువు."

అతను దిగాడు. నూనె చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ, వెనక్కి తిరిగి చూడకుండా, ఎండలో ఎగువకి నడక సాగించాడు. అతను మలుపు తిరిగేదాకా చూసి, ఆమె స్టీరింగు మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది. కోపం మాత్రం రవ్వంతైనా తగ్గలేదు.