ఊక బస్తాలో లాంతరు

గంగయ్య నలభై ఏళ్ళలో ఎన్ని నూతుల్లో దిగాడో ఆయనకే గుర్తులేదు గానీ, దీపం దింపకుండా ఒక్క నూతిలోనూ దిగలేదన్న సంగతి మాత్రం ధవళేశ్వరం దిగువన కాలవ గట్టు ఊళ్ళన్నిటికీ తెలుసు. ఏటా వేసవిలో కాలవలు కట్టేయగానే పూడిక తీయించుకునేవాళ్ళు ముందు ఆయన గుమ్మంలోకే వచ్చేవారు. ఆయన మోకుకి లాంతరు కట్టి నూతి అడుగుదాకా వదిలేవాడు. వెలుగుతూ ఉంటే తను దిగేవాడు. ఆరిపోతే మోకు చుట్టుకుని ఇంటికొచ్చేసేవాడు, ఎంత పెద్ద ఆసామి బతిమాలినా సరే. ఆయన తమ్ముడు పందొమ్మిదో ఏట దీపం దింపకుండా ఒక నూతిలో దిగి, మళ్ళీ ప్రాణంతో పైకి రాలేదు. ఆ రోజు గట్టున మోకు పట్టుకుని నిలబడింది గంగయ్యే.

ఆ లాంతరునే ఆ పొద్దున ఆయన కోడలు రామతులసి ఊక బస్తాలో కూరింది.

కూరి, పైన రెండు దోసిళ్ళ ఊక పోసి, చేతులు దులుపుకుంది. తెల్లారకముందే వంట ముగించి పొయ్యిలో నీళ్ళు పోసేసింది. బూడిదలో ఒక్క నిప్పు కణిక కూడా లేదని రెండుసార్లు పుల్లతో కెలికి చూసుకుంది.

భయమంతా పెరట్లో ఉన్న గోబర్ గ్యాసు గొయ్యి గురించే. నాలుగేళ్ళ కిందట, తొంభై నాలుగులో, సబ్సిడీ ఇస్తామంటే కట్టించుకున్నారు. నేలలో ఎనిమిదడుగుల లోతు, పైన ఇటుకల గుమ్మటం, గుమ్మటం నెత్తిన మనిషి పట్టేంత మూత. మూడు గేదెల పేడ నీళ్ళలో కలిపి తొట్టిలో పోస్తే, పొయ్యి మీద నీలం మంట వచ్చేది. పొగకి ఎర్రబడి ఎప్పుడూ నీళ్ళు కారే అత్తగారు సూరమ్మ కళ్ళు ఏడాది తిరిగేసరికి తేటపడ్డాయి. పేడ గ్యాసు మీద వండిన అన్నం మాకొద్దని మొదట్లో ముక్కు మూసుకున్న బంధువులే తర్వాత ఇంకొంచెం వడ్డించమన్నారు.

రెండు నెలల నుంచి మంట పచ్చబడింది. తర్వాత అన్నం సగం ఉడికాక ఆరిపోవడం మొదలైంది. తప్పెవరిదో తులసికి తెలుసు. పాకలో పేడ ఎత్తేటప్పుడు సూరమ్మ కిందున్న ఇసకతో సహా ఊడ్చి తొట్టిలో పోసేసేది. ఇసక అడుగున పేరుకుంటుందత్తా అని తులసి చెప్పేది. ఆవిడ వినేది, మర్నాడు మళ్ళీ అలాగే ఊడ్చేది. తులసి మొగుడు అప్పాజీ ఎస్టీడీ బూతు నుంచి కాకినాడలో గ్యాసు మేస్త్రీకి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఆయన మూడుసార్లూ వచ్చేవారం అన్నాడు.

దాంతో గంగయ్యకి విసుగొచ్చింది. ఎనిమిదడుగుల నూతికి కాకినాడ నుంచి మనిషెందుకన్నాడు. బావమరిది చిట్టియ్యని వెంటేసుకుని, మూత చుట్టూ మెత్తిన మట్టి గునపంతో రాల్చి, మూత తీశాడు. రెండు రోజులు పైనుంచే బకెట్లతో పేడనీళ్ళు తోడి పోశారు. ఇక మిగిలింది అడుగున మోకాలెత్తు బురద, గట్టిపడిన ఇసక. దానికి పార పట్టుకుని మనిషి దిగాలి. దిగే రోజు ఇవాళ.

గొయ్యి కట్టిన కొత్తలో తులసిని కాకినాడలో రెండు రోజుల ట్రైనింగుకి పిలిచారు. ముప్ఫై మంది ఆడవాళ్ళు, ఒక నల్లబల్ల. లోపల ఉండేది మంట పట్టే గాలి, ఊపిరి ఆపే గాలి, రెండూనని చెప్పారు. దగ్గరికి నిప్పు తేకూడదన్నారు. మూత తీశాక కొన్నాళ్ళు వదిలేయాలని, అప్పుడు కూడా కోడిని దింపి చూడాలని చెప్పారు. కోడి మాట వినగానే ఆడవాళ్ళంతా నవ్వారు. అయితే ఎన్నాళ్ళు వదిలేయాలో తులసికి గుర్తులేదు. మూడా? పదా? అది చెప్పింది భోజనాలయ్యాక. అప్పటికి ఆమెకి కునుకు పట్టింది. ఇచ్చిన పుస్తకం గూట్లో పెడితే చెదలు తినేశాయి. రెండు రోజులకి గాలంతా పోయిందేమో, తను ఊరికే బెదిరిపోతోందేమో అని కూడా అనిపించేది. ఆ అనుమానం భయాన్ని తగ్గించకపోగా పెంచింది.

పెళ్ళయిన ఏడేళ్ళలో తులసి మావగారితో ఎదురుగా నిలబడి మాట్లాడింది లేదు. వాళ్ళింట్లో కోడలు తలుపు వెనక నుంచి అత్తగారికి చెబితే, అత్తగారు ఆయనకి చెబుతుంది. ట్రైనింగులో విన్నదంతా నిన్న మధ్యాహ్నం అలాగే చెప్పింది. సూరమ్మ వక్క నములుతూ ఆ నాలుగు మాటల్నీ ఒక్క మాట చేసేసింది.

"మీ కోడలు దీపం దింపొద్దంటోందండి."

గంగయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "దీపం వద్దన్నోడే మా తమ్ముడు కూడా," అన్నాడు. ఆ మాట మీద ఇంకో మాట అనడానికి ఆ ఇంట్లో ఎవరికీ నోరు లేదు.

అందుకని తులసి ఆలోచించి ఆలోచించి ఈ పని చేసింది. దీపం లేకపోతే మావయ్య దిగడు. తమ్ముడు పోయిన్నాటి నుంచి వాడుతున్న ఆ లాంతరు తప్ప ఇంకొకరి లాంతరు ముట్టుకోడు. ఇటుకల ట్రాక్టరుతో రాజమండ్రి వెళ్ళిన అప్పాజీ సాయంత్రానికి వచ్చేస్తాడు. కొడుకు చెబితే తండ్రి వింటాడు. ఈ ఒక్క పూట గడిస్తే చాలు.

పొద్దెక్కాక గంగయ్య లాంతరు అడిగాడు. సూరమ్మ వసారాలో వెతికింది, అటకమీద వెతికింది. తులసి కూడా వెతుకుతున్నట్టు ఇంట్లో రెండుసార్లు తిరిగింది. ఊక బస్తా వైపు మాత్రం చూడలేదు. చివరికి గంగయ్య గుమ్మటం పక్కన గొంతుక్కూర్చుని, ఇవాళ్టికి పని లేదులే అన్నాడు. తలుపు వెనక తులసి ఊపిరి వదిలింది.

వదిలిన ఊపిరి మళ్ళీ పీల్చుకునేలోపే చిట్టియ్య నోరు విప్పాడు.

"ఇది నుయ్యి కాదు బావా, గేదెల పేడకుండ. ఎండ పడి అడుగు కనపడతా ఉంటే లాంతరేంటి? రేపు పొద్దున పూడికకి ప్రెసిడెంటు గారి నూతి దగ్గరికెళ్తే ఏమంటారో తెలుసా? గంగయ్య పేడని చూసి జడుసుకున్నాడంటారు."

గంగయ్య లేచి గోతిలోకి తొంగి చూశాడు. చిట్టియ్య అన్నది నిజమే, అడుగు కనిపిస్తోంది. ఎంతసేపో అలా చూసి, మోకు తీసి నడుముకి బిగించుకుని, రెండో కొస చిట్టియ్యకిచ్చాడు.

దీపముంటే నిప్పు ప్రమాదం. దీపం లేకపోతే అసలు దిగడనుకుంది తులసి. ఆ నలభై ఏళ్ళ కట్టు తన చేత్తోనే తెంపేసింది. ఇప్పుడు ఆయన దీపం లేకుండా దిగుతున్నాడు, వాళ్ళ తమ్ముడు దిగినట్టే.

"అత్తా, దిగొద్దని చెప్పండి," అంది తలుపు వెనక నుంచి.

"పనిలోకి దిగే మనిషిని వెనక్కి పిలవకూడదే. నోర్మూసుకో," అంది సూరమ్మ.

వెదురు నిచ్చెన గోతిలోకి దిగింది. గంగయ్య ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు. నిచ్చెన కాళ్ళు బురదలో కుంగగానే లోపల్నించి గుళుక్కుమని ఒక బుడగ పగిలింది. కుళ్ళిన కోడిగుడ్ల వాసన వసారాదాకా కొట్టింది. ఆయన ముఖం పక్కకి తిప్పుకుని, మళ్ళీ కిందికి చూసి, మూడో మెట్టు మీద కాలు మోపాడు. ఇప్పుడు భుజాలు మాత్రమే పైన ఉన్నాయి.

తులసి ఎప్పుడు గడప దాటిందో ఆమెకే తెలియదు. చిట్టియ్య చేతిలోంచి మోకు లాగేసుకుని, పక్కనున్న కొబ్బరిచెట్టు మొదలుకి రెండు చుట్లు తిప్పి, పాదం చెట్టుకి తన్నిపెట్టి లాగింది. గంగయ్య నడుం దగ్గర మోకు బిగుసుకుంది. కాలు కిందికి పోలేదు.

"ఎవడ్రా అది?" అన్నాడు.

తల తిప్పి చూస్తే కోడలు. కొంగు జారిపోయి, జుట్టుముడి ఊడిపోయి, పళ్ళు బిగించి మోకుకి వేలాడుతోంది.

"లాంతరు నేనే దాచాను మావయ్యా."

ఏడేళ్ళలో ఆమె ఆయనతో అన్న మొదటి మాట అదే. సూరమ్మ నెత్తి కొట్టుకుంది.

"నూతిలో దీపం ఆరిపోతుంది. ఇందులో అంటుకుంటుంది మావయ్యా, మనుషులతో సహా. అందుకు దాచాను. దీపం లేకపోతే దిగరనుకున్నాను. మీరు దిగుతున్నారు. ముందు పైకి రండి, తర్వాత నన్ను తిట్టండి."

గంగయ్య ముఖం పాలిపోయి ఉంది. మాట్లాడబోయి దగ్గాడు. మోకు వదలడం లేదని తెలిసి, ఒక్కో మెట్టూ పట్టుకుని మెల్లగా పైకొచ్చాడు. గట్టుమీద కూర్చుని, కణతలు నొక్కుకున్నాడు. ఎండదెబ్బేనన్నాడు చిట్టియ్య. గంగయ్య వాడివైపు చూడలేదు.

"మరి దిగొచ్చో లేదో ఎలా తెలుస్తుందమ్మా?"

"కోడిని దింపి చూడమన్నారు."

"మూత తీశాక ఎన్ని రోజులు ఆగాలి?"

అబద్ధం చెబుదామా అనుకుంది తులసి. పది అనేస్తే పోతుంది. కానీ ఒక అబద్ధపు పని వల్లే ఆయన మూడో మెట్టుదాకా వెళ్ళాడు. "గుర్తులేదు మావయ్యా," అంది.

చిట్టియ్య నవ్వాడు. గంగయ్య నవ్వలేదు. "పూట ఎలాగూ పోయింది. ఆ కోడేదో పట్రండి," అన్నాడు.

ఇంట్లో ఉన్నది సూరమ్మ పెంచుకుంటున్న చుక్కల పెట్ట ఒక్కటే. రేపో మాపో పొదగబోయేదాన్ని గోతిలో దింపుతారా అని ఆవిడ గోల పెట్టింది. తులసే దాన్ని పట్టుకుని మూత బుట్టలో పెట్టింది. చేతుల్లో దాని గుండె టకటక కొట్టుకుంటుంటే, దానికేమీ కాకూడదని దండం పెట్టుకుంది. అలా పెట్టుకున్నాక, దానికేమీ కాకపోతే మావయ్య దిగుతాడని గుర్తొచ్చి ఏం కోరుకోవాలో తెలియలేదు.

లాంతరు దింపినట్టే గంగయ్య బుట్టని మోకుకి కట్టి నెమ్మదిగా వదిలాడు. బురదకి జానెడు పైన ఆపాడు. లోపల పెట్ట కొక్కొక్కో అంది. రెక్కలు బుట్టకేసి కొట్టుకుంది. చిట్టియ్య, చూశారా దర్జాగా ఉంది అన్నాడు. అది ఇంకోసారి రెక్కలు కొట్టుకుంది, ఈసారి మెల్లగా.

ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

"పడుకుందేమో," అన్నాడు చిట్టియ్య. ఆ గొంతులో నవ్వు లేదు.

గంగయ్య మోకు లాగాడు. బుట్ట ఎండలోకి వచ్చింది. వెదురు సందులోంచి పెట్ట మెడ బయటికి వేలాడుతోంది. ఒంటిమీద బురద చుక్క కూడా పడలేదు. గంగయ్య దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెక్క ఎత్తాడు, అది జారిపోయింది. మళ్ళీ ఎత్తాడు. తమ్ముణ్ణి పైకి లాగిన రోజు వాడి చెయ్యి కూడా ఇలాగే జారిపోయిందని తులసి అత్తగారి నోట ఎన్నోసార్లు వింది. గోల పెడుతున్న సూరమ్మకి కూడా అదే గుర్తొచ్చినట్టుంది, చప్పున ఆగిపోయింది.

చిట్టియ్య ముఖం బూడిదరంగుకి తిరిగింది. భయమేసినప్పుడు మనిషి చెయ్యి అలవాటైన చోటికే పోతుంది. వాడి చెయ్యి రొంటికి పోయింది. చుట్ట నోట్లోకొచ్చింది. అగ్గిపెట్టె సగం తెరుచుకుంది. పుల్ల బయటికొచ్చింది.

ఒళ్ళోని కోడి నేలమీద పడింది. గంగయ్య రెండు చేతులతో చిట్టియ్య మణికట్టు పట్టేసుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి అంత వేగంగా కదలడం తులసి ఎప్పుడూ చూడలేదు. పుల్లలన్నీ మట్టిలో చిందాయి. ఆయన ఒంగి ఒక్కో పుల్లా ఏరి, పెట్టెతో సహా తీసుకెళ్ళి గేదెల నీళ్ళ గాబులో పడేశాడు. నోట్లో చుట్ట కూడా లాగి అందులోనే వేశాడు.

"తులసమ్మా, లాంతరు పట్రా."

ఆమె ఊక బస్తాలోంచి తీసి, అంటిన ఊకతోనే తెచ్చి ఇచ్చింది. ఆయన భుజం మీది తువ్వాలుతో అద్దం తుడిచాడు. మూత విప్పి, లోపలున్న కిరసనాయిలు అవతల దొడ్డి చివరిదాకా నడిచి అక్కడ పారబోసి వచ్చాడు. ఖాళీ లాంతరు సూరమ్మ చేతిలో పెట్టి, గ్యాసు మేస్త్రీ వచ్చేదాకా ఇది ఇంట్లోంచి బయటికి రాకూడదన్నాడు. ప్రెసిడెంటు గారి నూతికి రేపు రాలేమని కబురు పంపమన్నాడు.

అప్పుడు కోడలివైపు తిరిగాడు. ఆమె తలుపు వెనక్కి పోబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నిలబడు. ఆ రోజు వాళ్ళు చెప్పిందంతా చెప్పు. గుర్తున్నది గుర్తున్నట్టు, లేనిది లేనట్టు."

తులసి కొంగు సర్దుకుని మొదలుపెట్టింది. రెండు మాటలైనా అనకముందే గోతిలో ఇంకో బుడగ పగిలింది. నలుగురూ ఒక్కసారే వెనక్కి జరిగారు. అందరికంటే దూరం జరిగింది గంగయ్య.