నిండుగా తిరిగొచ్చే సీసా

పొద్దున ఆరున్నరకల్లా శివలీల నాలుగు సీసాలు కడిగి నీళ్ళు నింపుతుంది. బడిలో పాఠాలు చెప్పే మొగుడు వీరభద్రకు ఒకటి, కాలేజీకి పోయే కూతురికి ఒకటి, మంచం పక్కన పెట్టుకోవడానికి అత్త భీమక్కకు ఒకటి, కోర్టు ఆఫీసుకు పోయే తనకు ఒకటి. సాయంత్రానికి మూడు సీసాలు ఖాళీ అవుతాయి. నాలుగోది ఎలా పోయిందో అలాగే నిండుగా తిరిగొస్తుంది. ఆ నీళ్ళను వీరభద్ర పెరట్లో కరివేపాకు చెట్టుకు పోస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా పోస్తూనే ఉన్నాడు. చెట్టు మిద్దెను దాటింది. వీధిలో సగం ఇళ్ళ తిరగమాతకు ఆకు ఇక్కడి నుంచే పోతుంది.

"మా లీలకు దప్పికే కాదప్పా, పుట్టుకతోనే అంత" అని వచ్చిన చుట్టాలకల్లా గొప్పగా చెప్పుకుంటాడాయన. మంచివాడు. పెళ్ళాన్ని పొగడడానికి సందు దొరికితే వదలడు. రెండేళ్ళ కింద కిడ్నీలో రాయి వచ్చి శివలీల మెలికలు తిరిగిపోతుంటే, ఆటోలో తల ఒళ్ళో పెట్టుకుని ఆమెకంటే ఎక్కువ ఏడ్చిందీ ఆయనే. "నీళ్ళెందుకు తాగరమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది శివలీలను. జవాబు చెప్పింది మాత్రం వీరభద్ర. "ఆమెకు దప్పిక కాదు మేడం."  అంత ప్రేమగా చెబుతున్న మనిషి మాటను నలుగురిలో కొట్టెయ్యడం ఎందుకులే అనుకుంది శివలీల. అలా అనుకుని ఊరుకున్నవన్నీ ఏరితే బుట్టలు నిండుతాయి.

అసలు సంగతి ఏమిటంటే, ఆమె పనిచేసే ఆ పాత కోర్టులో ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేదు. జడ్జిగారి గది వెనకాల ఒకటి ఉంది, దానికి తాళం. ప్రహరీ పక్కన మగవాళ్ళకు ఒకటి ఉంది, దానికి తలుపే లేదు. రోడ్డవతల స్టాంపు పేపర్లు అమ్మే మహబూబ్‌బీ ఇంటి తలుపు తట్టవచ్చు. ఆమె కాదనదు. కానీ రోజుకు ఎన్నిసార్లని తడతారు? దానికంటే నీళ్ళు తాగకుండా ఉండడమే సులువు. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే శివలీల నేర్చుకున్న పని అది.

తొమ్మిదేళ్ళ కింద కొత్త భవనం కావాలని ప్రభుత్వానికి రాసేటప్పుడు సూపరింటెండెంటు రంగనాథ్ ఆ ఫైలు ఆమెకే అప్పగించాడు. కావలసిన గదుల జాబితాలో పద్నాలుగో వరుసను ఎవరూ చెప్పకుండానే తనే రాసింది: సాక్ష్యానికి, వాయిదాకు వచ్చే ఆడవాళ్ళకు కూర్చునే గది, మరుగుదొడ్లతో సహా. ఫైలు పోవడం, ఏదో ప్రశ్నతో తిరిగి రావడం, మళ్ళీ టైపు చేయడం. రోజుకు ఎంతమంది ఆడవాళ్ళు వస్తారని ఒకసారి అడిగారు. నెల రోజులు అన్నం డబ్బా పక్కనబెట్టి గేటు దగ్గర నిలబడి లెక్కేసింది. కోసిగి నుంచి చంటిపిల్లను చంకనేసుకుని వచ్చినవాళ్ళు, పత్తికొండ నుంచి టమాటా కోతలు మానుకుని వచ్చినవాళ్ళు. పెదవులు ఎండి, గోడ నీడన కాళ్ళు దగ్గరగా ముడుచుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళను చూస్తే శివలీలకు తన్ను తానే చూసుకుంటున్నట్టు ఉండేది.

ఇన్నాళ్ళకు భవనం మంజూరైంది. ఆ వార్త పేపర్లో వచ్చిన పొద్దున భీమక్క వంటింటి గడప మీద కూలబడి అడిగింది.

"లీలా, మీ కోర్టుకు దుడ్లిచ్చినారంట. ఆడోళ్ళు పోయేదానికి ఏమన్నా పెట్టినారా?"

"పెట్టించినా అత్తా. నేనే రాసినా."

"మంచి పని జేసినావు మే. పొలం గట్టు తగాదాకు నేను ఆరేండ్లు తిరిగితి గదా, వాయిదా అంటే ముందునాడు సందకాడ్నుంచే నీళ్ళు ముట్టేదాన్ని కాదు. మా కోడుమూరు పక్క ఆడోళ్ళంతా అంతే." సీసా మూత బిగించి కోడలి సంచిలో పెడుతూ మెల్లగా అంది. "నువ్వు గూడా అంతే గదా."

శివలీలకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంట్లో ఒకరికి తెలుసు.

ఆఫీసులో మిఠాయి పొట్లం విప్పగానే రంగనాథ్ మొదటి లడ్డు ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇది నీ ఫైలమ్మా" అన్నాడు. నోటి తీపి ఆరకముందే ఇంజనీరు ఓబుళేశు కాగితాలతో దిగాడు. అడిగినంత డబ్బు రాలేదు, జాబితాలో కొన్ని తగ్గించి సాయంత్రంలోగా పంపాలి. ఆయన పెన్సిలు నేరుగా పద్నాలుగో వరుస మీదికే పోయింది.

"ఈ గది తర్వాత చూస్తాంలే మేడం. ముందర గుండ్రటి స్తంభాలు ల్యాకుంటే కోర్టు మాదిరే ఉండదు. ఇది తీసేసి టైపు చేయండి."

"సార్, అది..." అని శివలీల రంగనాథ్ వైపు చూసింది.

"అవసరమైతే ఎవరో ఒకరు అడిగుంటారు గదమ్మా" అన్నాడాయన, చెల్లెలికి నచ్చజెప్పినట్టు. "ఇన్నేండ్లలో ఒక్క ఆడమనిషన్నా వచ్చి నన్నడిగిందా? అంత దూరమెందుకు, నువ్వన్నా అడిగినావా?"

అడగలేదు. నిజమే. ఆయన చెడ్డవాడు కాదు, తన క్యారియర్లో గుత్తి వంకాయ ఉంటే సగం ఆమెకు పెట్టే మనిషి. ఇంట్లో వీరభద్రా అంతే. ఇద్దరికీ తనంటే ప్రాణం, ఇద్దరికీ తన దప్పిక తెలియదు. మరి తెలిసేలా తనెప్పుడు చెప్పింది? పొత్తికడుపు నొప్పిని సర్దుకుంది, మంటను సర్దుకుంది, రాయిని కూడా సర్దుకుంది. గోడ నీడన కూర్చున్న ఆడవాళ్ళను లెక్కపెట్టింది కానీ ఆ లెక్కలో తన్ను కలుపుకోలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ అక్కర్లేదట. ఈ పూట తన చేత్తో ఆ వరుస కొట్టేస్తే, కొత్త భవనంలో ఇంకో యాభై ఏళ్ళు ఆడవాళ్ళు పెదవులు తడుపుకుంటూ కూర్చోవాలి. శివలీలకు మొదటిసారి తన మీద తనకే కోపం వచ్చింది, ఆ వెనకే జాలీ వచ్చింది.

సంచిలోంచి సీసా తీసింది. నిలబడి, ఆగకుండా, లీటరు నీళ్ళూ గటగటా తాగేసింది. ఇద్దరు మగవాళ్ళూ నోరెళ్ళబెట్టి చూస్తున్నారు. కొంగుతో మూతి తుడుచుకుని, పావుగంట సేపు వేరే కాగితాలు చూసుకుంది. తర్వాత లేచి రంగనాథ్ బల్ల ముందు నిలబడింది.

"టైపు చేస్తా సార్. దానికి ముందు ఒకసారి పోయొస్తా. యాడికి పోవాలో మీరు చెప్పండి."

రంగనాథ్ ముఖం ఎర్రబడింది. కిటికీలోంచి ప్రహరీ వైపు చూశాడు, జడ్జిగారి గది వైపు చూశాడు. 

"పంతొమ్మిదేండ్ల నుంచీ...?" అన్నాడు చివరికి.

"అవును సార్. ఈపొద్దు అడుగుతాండా."

ఆయన లేచి, తనే పోయి జడ్జిగారి గుమస్తా దగ్గర తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తిరిగొచ్చేసరికి జాబితాలో స్తంభాల వరుస మీద ఎర్ర సిరా గీత ఉంది. ఓబుళేశు ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు. పద్నాలుగో వరుస ఉన్నచోటే ఉంది.

సాయంత్రం వీరభద్ర అలవాటు చొప్పున సంచిలోంచి సీసా తీసుకుని పెరట్లోకి పోయాడు. వంచాడు. దులిపాడు. చుక్క రాలలేదు.

"ఏమే లీలా, నీళ్ళు యాడ పారబోసినావు?"

గడప మీద భీమక్క ముసిముసిగా నవ్వుతోంది. శివలీల పోయి మొగుడి పక్కన నిలబడి, ఆయన చేతిలోంచి సీసా తీసుకుంది.

"తాగినా" అంది. "నాకు దప్పికయితాదప్పా. దినామూ అయితాది."